ఉడుంపట్టు

హైమకు వాళ్ళ వదిన పెట్టిన పేరు ‘సుగంధాల డాక్టరు’.

వదిన కోటేశ్వరి ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదువుకుంది. చదివిందంతా మిరపచేలో కలిసిపోయినా, కెమిస్ట్రీ పుస్తకంలో ‘సుగంధ సమ్మేళనాలు’ అనే పాఠం పేరు మాత్రం ఆమెకు గుర్తుండిపోయింది. గుంటూరు ప్రయోగశాలలో ఆడబిడ్డ చేసే పని ఆ సమ్మేళనాలతోనే అని తెలిసిన రోజు నుంచీ ఇక ఊరుకుంటేనా. శనివారం సాయంత్రం హైమ బస్సు దిగి గడపలో అడుగు పెట్టడం ఆలస్యం, చెయ్యి పట్టుకుని వాసన చూసేది.

“సుగంధాలు చేస్తావంట గందా, చేతులకి ఈ స్పిరిటు కంపేంది?”

“సుగంధం అనేది పేరొక్కటే వదినా. మొట్టమొదట దొరికినవి కాస్త మంచి వాసన వేశాయని ఆ పేరు పెట్టారు. బీరువాల్లో వేసే కలరా ఉండ కూడా నా సుగంధమే.”

“అదా సుగంధం? నా పెట్టెలో ఎండు వేపాకు తప్ప ఏదీ వెయ్యను తల్లీ. నీ సుగంధాలు నువ్వే దాచుకో.”

వదినా ఆడబిడ్డలు ఇట్లా ఒకరినొకరు ఆటపట్టించుకునే ఇళ్ళు తక్కువ. ఆ ఇంట్లో ఆ సరదా ఉండేది. దాన్ని చెడగొట్టింది పగా కాదు, పంతమూ కాదు. ప్రేమే చెడగొట్టింది, అదీ విచిత్రం.

హైమ అన్న శ్రీహరి రెండేళ్ళ కిందట మిరపచేలో మందు కొడుతూ పడిపోయాడు. నల్ల తామర పురుగు విరుచుకుపడిన ఏడు అది. గాలి ఎదురు తిరిగి మందంతా ఒంటిమీద పడింది, చొక్కా తడిసి చర్మంలోకి ఇంకింది. నోట నురగతో ఆసుపత్రికి తీసుకుపోయారు. బతికాడు. కానీ చేతులకు వణుకు మిగిలింది, అన్నం ముద్ద నోటి దాకా వచ్చేసరికి సగం కంచంలోనే రాలేది. మందు కొట్టకపోతే మిరప లేదు, మిరప లేకపోతే ఆ ఇంటికి వేరే దారి లేదు. అందుకని ఆయన వీపు మీది పంపు కోటేశ్వరి వీపు మీదికి ఎక్కింది.

అది చూసిన రోజునే హైమ బస్సెక్కింది. గుంటూరు వెళ్ళి పనిలో కూర్చుంది.

ఆమె చేయబోయేదేమిటో ఇంట్లో అందరికీ అర్థమైంది ఒక వ్రతం రోజున. తల్లి నాగరత్తమ్మ ప్రసాదాలకు దొప్పలు కుడుతోంది. హైమ పక్కన కూర్చుని రెండు ఆకులు చేతిలోకి తీసుకుంది.

“వదినా, ఇటు చూడు. ఈ ఆకుల్లాంటివి నేను చేస్తా. వాటిని లిగాండ్లంటారు. ఒక్కో ఆకూ సుగంధ వలయాల పలక అనుకో. మూలల్లో గుచ్చే పుల్లలు లోహం. ఆ లోహం నేను తేనక్కర్లేదు, జింకు నీ చర్మంలోనే ఉంది. నేను ఆకులు ఒంటికి పూస్తే చాలు, పుల్లలు అవే వచ్చి గుచ్చుకుంటాయి, దొప్ప తయారవుతుంది. పైన కూడా మూసుకుపోయే దొప్ప. చర్మంలోకి దిగిన మందు అందులో పడి ఉండిపోతుంది. నెత్తుట్లోకి పోదు.”

“అవే కుట్టుకుంటాయా?” అంది నాగరత్తమ్మ, నడుం పట్టుకుంటూ. “ఈ దొప్పలు కూడా అట్టా కుట్టుకునే ఉపాయం చెప్పవే ముందు.”

ప్రయోగశాలలో హైమ పైఅధికారి పానకాలరావు. మంగళగిరి మనిషి, జుట్టంతా నెరిసినా కొత్త స్ఫటికం చూస్తే పిల్లాడైపోతాడు. హైమ చేసిన మొదటి లిగాండుకు నడుం మధ్య ఒక మెత్తటి కీలు ఉండేది, మడత తలుపుకు బందు ఉన్నట్టు. కోడి చర్మం ముక్కల మీద పూసి, పురుగుమందు పోసి చూశారు. చల్లగా ఉన్నంతసేపూ మందును బాగానే పట్టుకుంది. ఒంటి వేడికి తేగానే ఆ కీలు సడలి, పట్టుకున్నదంతా వదిలేసింది. హైమకు అన్న వణికే చేతులు గుర్తొచ్చాయి. కీలు తీసేసింది. దాని బదులు వలయాల పక్కన వలయాలు పేర్చి, పలకను నాపరాయిలా బిగించింది. అది ఇక ఎటూ వంగదు. అందులోకి పోవడానికి సందు ఉంది, రావడానికి లేదు.

ఈసారి వేడి చేశారు, కడిగారు, సబ్బుతో రుద్దారు. మందు చుక్క కూడా బయటికి రాలేదు. దొప్పలు విరిగినా, చర్మం కింది కొవ్వులో నిలవ ఉన్న లిగాండ్లు మళ్ళీ జింకును వెతుక్కుని కొత్తవి కట్టుకున్నాయి.

“ఉడుంపట్టమ్మా ఇది,” అన్నాడు పానకాలరావు. ఆ పేరే దానికి నిలిచిపోయింది. తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “మరి ఎప్పుడన్నా వదిలించాలంటే ఎట్లా?” అని అడిగాడు.

“వదిలించడం దేనికి సార్? వదిలితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.”

ఉడుంపట్టు ఇంకేం పట్టుకుంటుందో వరసగా చూశారు. చక్కెరలు, లవణాలు, విటమిన్లు, హార్మోన్లు, వేటినీ తాకలేదు. మనిషి వాసన సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడంలో వింతేముంది, మనిషికి వాసన ఉంటుందని మనం గుర్తుపెట్టుకునేది మన పక్కన మనిషి లేనప్పుడే.

మనుషుల మీద పరీక్షకు అనుమతి రావాలంటే ఏళ్ళు పడుతుంది. మందు కొట్టే కాలం అన్నాళ్ళు ఆగదు. హైమ తన మణికట్టు మీద రెండు రోజులు పూసుకుని చూసింది, దద్దు కూడా రాలేదు. పానకాలరావుకు చెప్పకుండా సీసా సంచిలో వేసుకుని ఊరికి తెచ్చింది.

“మందు కొట్టబోయే ముందు మెడకీ చేతులకీ వీపుకీ, ఒళ్ళంతా పట్టించుకో వదినా. ఎవరికీ చెప్పకు.”

కోటేశ్వరి మూత తీసి వాసన చూసింది. “దీనికి అసలు వాసనే లేదేందే సుగంధాల డాక్టరా?”

ఆ కాలమంతా కోటేశ్వరి రోజూ పూసుకుంది. పక్క చేలో ఆడవాళ్ళు మందు కొట్టి వచ్చి వాంతులు చేసుకుంటుంటే, ఈమె పంపు దింపి వచ్చి పిండి రుబ్బుకునేది. కోసిన మిరపకాయలు ఎండే రోజుల్లో తెలిసింది, ఆమె కడుపుతో ఉందని. హైమ వెంటనే గుంటూరు తీసుకుపోయి నెత్తురు పరీక్ష చేయించింది. మందు జాడ ఎక్కడా లేదు. కడుపులో బిడ్డకు చీమంత హాని కూడా జరగలేదు. ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని హైమ ఏడ్చింది. తన చదువు మొత్తానికి అదొక్కటి చాలనుకుంది.

ఇంట్లో ఒక చిన్న చోద్యం మాత్రం జరుగుతోంది. పెళ్ళైనప్పటి నుంచీ కోటేశ్వరి చేతికే పాలిచ్చే గేదె, ఇప్పుడామె చెంబు పట్టుకుని కూర్చుంటే చేపడం లేదు. దూడను వదిలినా, పొదుగు కడిగినా, పాలు పైకే బిగబట్టుకుని బెదురు చూపులు చూస్తోంది. నాగరత్తమ్మ కూర్చుంటే ధారలు.

“కడుపుతో ఉన్న పిల్ల, కళ్ళు పడ్డయ్యి,” అని నాగరత్తమ్మ ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. హైమ పగలబడి నవ్వింది.

“గేదెక్కూడా దిష్టి కనపడుద్దా అమ్మా?”

నవ్వడానికి బదులు ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. అప్పటికే ఆలస్యమైందేమో. ఆ గేదె చెప్పేది ఆ ఇంట్లో ఉన్న శాస్త్రవేత్తకే అర్థం కావాలి, ఆమే నవ్వేసింది.

వానలు వెనకబడి ఉక్కపోస్తున్న కాలంలో కోటేశ్వరికి కొడుకు పుట్టాడు. నిండుగా, ఎర్రగా ఉన్నాడు. రొమ్ము దగ్గర పెడితే తల అటూ ఇటూ తిప్పి వెతికాడు, ముక్కుతో తడిమాడు, మొహం తిప్పేసుకుని గుక్కపట్టాడు. కొందరు పిల్లలంతే, రేపటికి అలవాటవుతుందిలే అంది నర్సు. రేపు వచ్చింది, ఎల్లుండీ వచ్చింది. నాగరత్తమ్మ ఎత్తుకుంటే ఊరుకున్నాడు. హైమ ఎత్తుకుంటే నిద్రపోయాడు. తండ్రి వణికే చేతుల్లో కూడా ఊరుకున్నాడు. తల్లి ఒళ్ళోకి వస్తే మాత్రం నిప్పుల మీద వేసినట్టే.

చివరికి పాలు పిండి, నాగరత్తమ్మ ఉగ్గుగిన్నెతో పట్టడం మొదలుపెట్టింది. తాగేవి తల్లి పాలే, తల్లి మాత్రం ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

అన్నిటికంటే ఘోరం గొంతు. కడుపులో ఉన్నప్పుడు విన్న గొంతు వాడికి తెలుసు. కోటేశ్వరి మంచం అవతలి నుంచి “చిన్నీ” అని పిలిస్తే చాలు, చప్పున తల తిప్పేవాడు. పెదాలు తెరుచుకునేవి. ఆ పిలుపుకు మురిసిపోయి ఆమె దగ్గరికి వచ్చి ఎత్తుకోగానే, ముక్కు ఆమె మెడలో పెట్టి వెతికి, అక్కడ ఎవరూ లేరన్నట్టు బిక్కమొహం వేసి, ఏడుపు అందుకునేవాడు. మూడు నాలుగు సార్లు అట్లా అయ్యాక ఆమె పిలవడం మానేసింది.

ఒక మధ్యాహ్నం కరెంటు లేదు. అందరూ చెమటతో తడిసి ముద్దయ్యారు. కోటేశ్వరి వంటింట్లో హైమ భుజం మీద తలపెట్టి ఏడ్చింది.

“నేనేం పాపం చేశానే హైమా? కన్న తల్లిని, నన్ను చూస్తే ఎందుకంత భయం వాడికి?”

హైమ ఆమెను దగ్గరికి పొదువుకుంది. మొహం వదిన మెడలో ఉంది. తన చెమట వాసన తనకే తెలుస్తోంది. వదిన మెడ మీద ధారలుగా కారుతున్న చెమటకు మాత్రం ఏ వాసనా లేదు. మంచినీళ్ళ గ్లాసు వాసన చూసినట్టుంది. పెరట్లో గేదె, చేపని పాలు, పొయ్యిలో వేసిన మిరపకాయలు, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ళముందుకు వచ్చాయి.

మర్నాడు దూది ఉండతో కోటేశ్వరి మెడ తుడిచి ప్రయోగశాలకు తీసుకుపోయి, పానకాలరావు ముందు పెట్టి, జరిగిందంతా చెప్పింది.

“అనుమతి లేకుండా సొంత వదిన మీదా? ఎంత పని చేశావమ్మా.” పానకాలరావు లేచి, దూదిలో ఏమేమున్నాయో చెప్పే యంత్రం ముందు తనే కూర్చున్నాడు.

సంగతి తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. పురుగుమందు అణువుకూ, మనిషి ఒంటి వాసన వేసే కొవ్వు అణువులకూ ఆకారంలో దగ్గర పోలిక ఉంది. మందు దొరికే కాలంలో ఉడుంపట్టు మందును పట్టింది. కాలం అయిపోయాక ఖాళీ దొప్పలు ఊరికే కూర్చోలేదు. కోటేశ్వరి చర్మం మీద పుట్టిన వాసనను పుట్టినచోటే మింగుతున్నాయి.

“తెరుద్దాం సార్. జింకును గట్టిగా లాక్కునే ఇంకో లిగాండు వేస్తే మూలలు ఊడిపోతాయి కదా.”

గాజు గిన్నెలో దూది మీద అది వేశారు. మూలలు ఊడాయి, దొప్పలు విచ్చుకున్నాయి. దూదిలో ఉన్న ఆ కాస్తలోనే, ఒంటి వాసనతో పాటు పురుగుమందు కూడా యంత్రం మీద గీతలు గీతలుగా లేచింది. ఒక కాలమంతా కోటేశ్వరి వీపు మీద పడిన మందు ఎక్కడికీ పోలేదు. ఆమె చర్మం కింద భద్రంగా ఉంది. ఆ మూతలు తెరిస్తే అంతా ఒక్కసారే నెత్తుట్లోకి దిగుతుంది. పాలల్లోకి కూడా.

“ముందు నుయ్యి, వెనక గొయ్యి,” అన్నాడు పానకాలరావు. “కొంచెం కొంచెంగా తెరవడానికి నువ్వు ఆ కీలు తీసేశావు కదమ్మా. ఇది తెరుచుకుంటే మొత్తం తెరుచుకుంటుంది, లేదా అసలు తెరుచుకోదు.”

హైమ ఇంటికొచ్చి వదినకు ఉన్నదున్నట్టు చెప్పింది. దాచలేదు, మెత్తగా చుట్టబెట్టలేదు. కోటేశ్వరి మంచం పట్టె మీద కూర్చుని విన్నది.

“అయితే నాకు వాసన లేకుండా చేశావు.”

హైమ తలూపింది.

“మందు మాత్రం వాడికి అంటలేదు గందా?”

“అంటలేదు వదినా. ఒట్టు.”

“అయితే సరే,” అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ ‘సరే’ కంటే చెంప మీద కొట్టి ఉంటే బాగుండేదని హైమకు అనిపించింది.

బారసాల రోజు వచ్చింది. పేరు పెట్టేటప్పుడు తల్లి ఒళ్ళో బిడ్డ ఉండాలి, తప్పదు. వాడు ఏడ్చినా ఫర్వాలేదు, తంతు కానిచ్చేద్దామంది నాగరత్తమ్మ. కోటేశ్వరి పెట్టె తెరిచి పెళ్ళి పట్టుచీర తీసి కట్టుకుంది. ముదురాకుపచ్చ చీర, ఎర్రంచు. ఎన్నడూ నీళ్ళలో తడపలేదు. కట్టుకున్నప్పుడల్లా నీడన ఆరేసి, వేపాకు వేసి మడత పెట్టింది. పీటల మీద కూర్చుని, ఏడుపు కోసం సిద్ధంగా పళ్ళు బిగించి, బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది.

వాడు ఏడవలేదు. ముక్కు చీరకు ఆనించాడు. తల అటూ ఇటూ తిప్పి, గుటకలు వేస్తూ, రొమ్ము కోసం నోరు తెరిచాడు.

కోటేశ్వరి చుట్టూ ఉన్నవాళ్ళను మరిచిపోయింది. పవిట కప్పుకుని పాలిచ్చింది. పేరు పెట్టే తంతు అక్కడే ఆగిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. కొడుకు గుటక గుటకకూ ఆమె పెదాలు కదులుతున్నాయి, కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. “దిష్టి పోయిందే,” అని నాగరత్తమ్మ అందరికీ చెబుతోంది. శ్రీహరి గోడకు ఆనుకుని, వణికే చేతులతో మొహం కప్పుకున్నాడు.

హైమ దగ్గరికి వెళ్ళి చీర కొంగు ముక్కుకు ఆనించుకుంది. పైన ఎండు వేపాకు. దాని అడుగున వదిన. పెళ్ళిపీటల మీద, వ్రతాల్లో, కడుపు రాకముందు, సీసా రాకముందు ఉన్న వదిన. బట్ట చర్మం కాదు కదా, దానికి ఉడుంపట్టు లేదు.

ఆ సంతోషం పొద్దుగూకేదాకా ఉంది. దీపాలు పెట్టే వేళకు మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంటే వాడు ముక్కుతో వెతికి, మొహం తిప్పి, ఏడుపు మొదలెట్టాడు. దిష్టి మళ్ళీ తగిలిందేమోనని నాగరత్తమ్మ మిరపకాయల కోసం లేచింది. హైమ ఆమెను ఆపి, వదిన కట్టుకున్న చీరను అంగుళం అంగుళం వాసన చూసింది. నడుముకు చుట్టిన కట్టులో ఏ వాసనా లేదు. రొమ్ము మీద పడిన మడతల్లోనూ లేదు. ఒంటికి తగలకుండా వెనక వేలాడిన కొంగులో మాత్రం ఇంకా ఉంది.

ఆమెకు అర్థమైంది. చెప్పక తప్పలేదు.

“చీర నీ ఒంటికి తగిలినంత మేరా నీ చర్మం ఆ వాసనను లాగేస్తోంది వదినా. ఉడుంపట్టు దాన్ని కూడా పట్టేస్తోంది. కట్టుకున్న కొద్దీ పోతుంది.”

“అంటే నా వాసన నేనే తాగేస్తన్నానా?”

“ఊఁ.”

“మిగిలింది కొంగేనా?”

“కొంగూ, దాని పక్కన రెండు బారలూ.” హైమ చేతులతో కొలిచి చూపించింది. “ప్రయోగశాలలో ఆ వాసనను తయారు చేయడానికి చూస్తాను వదినా. అందులో చాలా ఉంటాయి, ఏది ఎంతో తేలాలి...”

“చూస్తావులే,” అంది కోటేశ్వరి. అందులో కోపం లేదు, ఆశా లేదు. అది తేలేసరికి వీడు నడుస్తాడని ఇద్దరికీ తెలుసు.

చీర విప్పి నూలు చీర కట్టుకుంది. పట్టుచీరను ఒళ్ళో పెట్టుకోబోయి, ఉలిక్కిపడి మంచం మీద పెట్టింది. కొంగు చుట్టుకుని మళ్ళీ పాలివ్వొచ్చు. ఒకసారో, రెండుసార్లో. ఆ తరవాత అదీ చచ్చిపోతుంది. చేయి తగలకుండా దానివైపు చూస్తూ ఆమె చాలాసేపు నిలబడింది. ఉగ్గుగిన్నె పాలు తాగి, ఏడ్చి ఏడ్చి బిడ్డ నాయనమ్మ భుజం మీద వెక్కుతున్నాడు.

“అత్తయ్యా, కత్తెర తే,” అంది చివరికి. “ఉయ్యాల కడదాం.”

“పట్టుచీరతో ఉయ్యాలా? పెళ్ళి చీరమ్మా అది.”

“నేను కట్టుకుంటే రెండు రోజులు. ఉయ్యాలైతే నెలలొస్తది.”

హైమ కత్తిరించింది. శ్రీహరి దూలానికి ముడి వేశాడు. వణికే చేతులతో వేసిన ముడి రెండుసార్లు జారింది, మూడోసారి బిగిసింది. బిడ్డను అందులో పడుకోబెట్టారు. వాడు ఎర్రంచు ముక్కుకు ఆనించుకుని, రెండు పెద్ద నిట్టూర్పులు విడిచి, బట్టను చప్పరిస్తూ కళ్ళు మూశాడు. కోటేశ్వరి అంచు సర్దబోయి, చెయ్యి దాని దాకా తీసుకెళ్ళి, వెనక్కి తీసుకుంది.

ఉయ్యాలకు తాడు కట్టి ఆమె చేతికిచ్చారు. గడప దగ్గర కూర్చుని లాగింది. ఉయ్యాల ఊగి ఆమె వైపు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ చీర ఆమె మోకాలిని రాసుకుంటోంది. ఆమె కాళ్ళు ముడుచుకుంది. అయినా చాలలేదు.

“హైమా, దొడ్లో గేదె పలుపు ఉంది చూడు. ఇంకో బారెడు ముడెయ్యి దీనికి.”

హైమ పలుపు తెచ్చి, తాడు కొసకు చేర్చి ముడి వేస్తోంది. కళ్ళనీళ్ళలో ముడి సరిగా కనిపించలేదు.

“ఊడకుండా గట్టిగా వెయ్యవే సుగంధాల డాక్టరా,” అంది కోటేశ్వరి. బిడ్డ పుట్టాక ఆ పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. “గట్టిగా వెయ్యడం నీకు బాగా వచ్చుగా.”

హైమ ముడి బిగించింది. కోటేశ్వరి ఒక బారెడు వెనక్కి జరిగి, వసారాలో కూర్చుని, కొడుకును ఊపసాగింది.